రైతు ఎజెండాతో ఎన్నికల ప్రచారం: హైదరాబాద్ ఆఫీసు నుంచి కల్లం దాకా

అమెరికాలో టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా, నార్త్ కరోలినాతో కలిపి 12 రాష్ట్రాల్లో వ్యవసాయ శాఖ అధిపతిని జనం నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు. మన దగ్గర ఆ పద్ధతి లేదు. తెలంగాణలో వ్యవసాయ మంత్రి కావాలంటే సాధారణంగా ముందు ఒక నియోజకవర్గంలో గెలవాలి. బయటి వ్యక్తిని మంత్రిని చేసినా ఆరు నెలల్లో అసెంబ్లీలోనో మండలిలోనో సభ్యుడు కావాల్సిందే. అసెంబ్లీలో 119 సీట్లు. మంత్రివర్గం అందులో 15 శాతం మించకూడదని రాజ్యాంగం 164వ అధికరణ చెబుతోంది కాబట్టి ముఖ్యమంత్రితో కలిపి 18 మందికే చోటు. ఆ 18లో వ్యవసాయ శాఖ మీద కన్నున్న అభ్యర్థి రెండు పనులు ఒకేసారి చేయాలి. తన ఊళ్లలో ఓట్లు గెలవాలి, సాగు గురించి ఇతనికి లెక్క తెలుసని రాష్ట్రమంతా అనుకునేలా మాట్లాడాలి.

అలాంటి అభ్యర్థి కోసం హైదరాబాద్‌లో కూర్చుని పనిచేసే టీముకు ఈ వివరాలు. మొదటి నుంచి చివరి దాకా పట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే: ప్రతి హామీ రైతు కొలతలో ఉండాలి. సంచి, ఎకరం, సీజన్. ఈ మూడింట్లో దేనిలోకీ దిగని మాట కల్లం దగ్గర నిలబడదు.

ముందు పంటల క్యాలెండర్ గోడకు అంటించండి

2023 అసెంబ్లీ ఎన్నికల తేదీలు చూడండి. షెడ్యూల్ అక్టోబర్ 9న వచ్చింది. నోటిఫికేషన్ నవంబర్ 3, నామినేషన్లకు చివరి రోజు 10, పరిశీలన 13, ఉపసంహరణ 15, పోలింగ్ 30. 2018లో పోలింగ్ డిసెంబర్ 7న జరిగింది. రెండుసార్లూ ప్రచారం సరిగ్గా వానకాలం వడ్ల కోతల్లో, పత్తి తీతల్లో పడింది. అసెంబ్లీ పూర్తి కాలం నడిస్తే వచ్చే ఎన్నికలూ అదే సీజన్‌కు దగ్గరగా వస్తాయి.

దీని అర్థం ఏమిటంటే, మీ ఓటరు ఆ మూడు వారాలు ఇంట్లో ఉండడు. వడ్ల కుప్ప దగ్గర పడుకుని ఉంటాడు, లేదా కాంటా కోసం వరుసలో ఉంటాడు. ఆడవాళ్లు పత్తి చేలల్లో ఉంటారు. పొద్దున 11 గంటలకు ఊరి మధ్యలో మైకు పెడితే వచ్చేది ముసలివాళ్లూ పార్టీ కార్యకర్తలే. నగరం నుంచి టూర్ ప్రోగ్రాం వేసేవాళ్లు ఎక్కువగా చెడగొట్టేది ఇక్కడే.

క్యాలెండర్‌లో ప్రతి మండలానికి మూడు గళ్లు పెట్టండి: కోత ఎప్పుడు, కొనుగోలు కేంద్రం ఎప్పుడు తెరుస్తారు, యాసంగి నారుమడి ఎప్పుడు పోస్తారు. నిజామాబాద్ వైపు కోతలు ముందే మొదలవుతాయి, వరంగల్ వైపు ఆలస్యం. ఆదిలాబాద్‌లో పత్తి, సోయా. ఖమ్మంలో మిర్చి అప్పటికి చేనులోనే ఉంటుంది, మార్కెట్‌కు వచ్చేది ఫిబ్రవరి తర్వాత. నిజామాబాద్ పసుపూ అంతే. తాండూరు వైపు కంది. ఒకే ప్రసంగం కాగితాన్ని అన్ని జిల్లాలకూ పంపితే ఖమ్మం రైతుకు వడ్ల తరుగు గురించీ, తాండూరు రైతుకు ఆయిల్‌పామ్ గురించీ చెప్పినట్టవుతుంది.

లెక్కలు హైదరాబాద్‌లోనే దొరుకుతాయి, కానీ ఆర్నెల్ల ముందు అడగాలి

బడ్జెట్‌తో పాటు రాష్ట్ర ప్రభుత్వం ఏటా సామాజిక ఆర్థిక చిత్రం పుస్తకం విడుదల చేస్తుంది. అందులో జిల్లాల వారీగా సాగు విస్తీర్ణం, దిగుబడి, నీటి వనరులు ఉంటాయి. బడ్జెట్‌లో వ్యవసాయ శాఖ పద్దుల పుస్తకం విడిగా ఉంటుంది. ఒక పథకానికి ఎంత కేటాయించారు, సవరించిన అంచనా ఎంత, నిజంగా ఖర్చయింది ఎంత అనే మూడు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. కేటాయింపు ఒక్కటే చదివి ప్రసంగం రాసేవాళ్లు ఎదుటివారి చేతికి చిక్కుతారు.

మండల స్థాయి వివరాలకు సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఫీజు మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆ పై ఆఫీసుల్లో 10, జవాబుకు గడువు 30 రోజులు. అడిగే ప్రశ్న చిన్నదిగా, తేదీలతో ఉండాలి. 'గత వానకాలంలో ఫలానా కేంద్రంలో కొన్న ధాన్యం ఎన్ని క్వింటాళ్లు, మొదటి ట్రక్ షీట్ (ధాన్యం మిల్లుకు పంపిన లారీ పత్రం) తేదీ, చివరి చెల్లింపు తేదీ' అని అడిగితే జవాబు వస్తుంది. 'రైతుల సమస్యల వివరాలు ఇవ్వగలరు' అని రాస్తే రాదు. మొదటి జవాబు అసంపూర్తిగా వస్తే అప్పీలుకు మరో నెల పోతుంది, అందుకే ఆర్నెల్ల ముందు.

సాంకేతిక విషయాల్లో అనుమానం వస్తే అడగడానికి రాజేంద్రనగర్‌లో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, వరి పరిశోధన సంస్థ, సంతోష్‌నగర్‌లో మెట్ట సాగు పరిశోధన సంస్థ క్రిడా, పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉన్నాయి. విత్తనం, తెగులు, మెట్ట సాగు గురించి అభ్యర్థి నోట వచ్చే ప్రతి వాక్యాన్నీ ముందే ఇలాంటి చోట పనిచేసినవారితో చదివించండి. అయితే ఉద్యోగంలో ఉన్నవారిని ప్రచారంలోకి లాగకండి. ప్రభుత్వ సిబ్బందిని ఎన్నికల పనికి వాడుకున్నారన్న ఫిర్యాదు అభ్యర్థినీ ఆ ఉద్యోగినీ ఇద్దరినీ ముంచుతుంది.

హామీని ఎలా రాయాలి

ప్రచారంలో మిగతా పనులన్నీ డబ్బుతోనో మనుషులతోనో అవుతాయి. హామీ మాత్రం కూర్చుని కాగితం మీద లెక్క వేస్తేనే అవుతుంది. ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి.

మొదట ఒక గీత గీయండి. గీతకు అటు కేంద్రం చేతిలో ఉన్నవి: మద్దతు ధర, దిగుమతి సుంకం, ఎరువుల సబ్సిడీ. ఇటు రాష్ట్రం చేతిలో ఉన్నవి: కొనుగోలు కేంద్రాల నిర్వహణ, బోనస్, పెట్టుబడి సాయం, కరెంటు, సాగునీరు, మార్కెట్ యార్డులు, విత్తన దుకాణాల తనిఖీ, భూమి రికార్డులు. ఎమ్మెల్యే అభ్యర్థి 'మద్దతు ధర పెంచుతాం' అంటే గీత దాటినట్టే. 'మద్దతు ధర మీద రాష్ట్రం ఇంత బోనస్ ఇస్తుంది' అంటే సరైన మాట.

తర్వాత ప్రతి హామీకి నాలుగు జవాబులు రాయండి. ఎవరికి వర్తిస్తుంది, ఎంత, ఏ సీజన్‌లో ఏ నెలలోపు, డబ్బు ఎక్కడిది. నాలుగో ప్రశ్న మన ఇష్టానికి వదిలింది కాదు. హామీ వెనక హేతువు, నిధులు తెచ్చే మార్గం స్థూలంగానైనా చెప్పాలని ఎన్నికల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. అది పార్టీ మేనిఫెస్టోకు సంబంధించిన నిబంధనే అయినా అభ్యర్థి స్థానిక హామీలకూ అదే కొలత వాడటం మంచిది.

లెక్కకు రెండు గుర్తులు పెట్టుకుంటే చాలా పని తేలికవుతుంది. రాష్ట్రంలో పెట్టుబడి సాయం అందుతున్న భూమి దాదాపు 1.5 కోట్ల ఎకరాలు. అంటే ఎకరాకు ప్రతి వెయ్యి రూపాయలకు ఒక సీజన్‌లో 1,500 కోట్లు కావాలి. రైతుబంధు 2018లో ఎకరాకు 4,000తో మొదలైంది, తర్వాత 5,000 అయింది, 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో 6,000 అయింది. ఆరు వేలంటే సీజన్‌కు 9,000 కోట్లు. ఎవరైనా 'ఇంకో రెండు వేలు కలుపుతాం' అన్నారంటే ఏడాదికి 6,000 కోట్లు అదనంగా చూపించాలి. రెండో గుర్తు బోనస్‌ది. క్వింటాలుకు 500 చొప్పున ప్రతి లక్ష టన్నులకు 50 కోట్లు. 50 లక్షల టన్నులకు 2,500 కోట్లు.

ఈ రెండు అంకెలు అభ్యర్థికి నిద్రలో లేపి అడిగినా రావాలి. టీవీ చర్చలో ఎదుటివారు అడిగే మొదటి ప్రశ్న ఇదే.

ఇక డబ్బు పెద్దగా అక్కర్లేని హామీలు. వీటిని చాలామంది అభ్యర్థులు పట్టించుకోరు, రైతుకు మాత్రం ఇవే చాలా విలువైనవి. తరుగు సంగతి తీసుకోండి. ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లు పండాయనుకుందాం. 40 కిలోల సంచి లెక్కన 62 సంచులకు పైనే. తాలు, తేమ పేరు చెప్పి సంచి బరువు పోను మరో రెండు కిలోలు కోస్తే 125 కిలోలు పోయినట్టు. 2025-26లో ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ లెక్కన ఎకరాకు 2,986 రూపాయలు పోతున్నాయి. సీజన్‌కు ఇచ్చే ఆరు వేలలో సగం కాంటా దగ్గరే వెనక్కి పోతోందన్నమాట. దీన్ని ఆపడానికి 9,000 కోట్లు అక్కర్లేదు. తూర్పారబట్టే యంత్రాలు, సరిచూసిన తేమ మిషన్, కాంటా అయిన వెంటనే బరువు రాసిచ్చే రసీదు, మిల్లు దగ్గర రెండోసారి కోత వేయకుండా కేంద్రంలో బరువే అంతిమం అనే ఉత్తర్వు కావాలి.

కాబట్టి 'ఆఖరి గింజ దాకా కొంటాం' అని రాయకండి. ఇలా రాయండి: 'తేమ 17 శాతం లోపు ఉన్న వడ్లకు సంచి బరువు తప్ప కోత ఉండదు. కాంటా అయిన రోజే రసీదు. మిల్లరు కోత వేస్తే రైతు ఖాతాలోంచి కాదు, రవాణా బిల్లులోంచి తేల్చుకోవాలి. మొదటి యాసంగి కొనుగోళ్ల నుంచే అమలు.' ఇది చదివిన రైతు ఎవరికైనా వివరించగలడు, రేపు అమలు కాకపోతే పట్టుకుని అడగగలడు కూడా. అడగగలిగే మాట ఇచ్చినవాణ్నే నమ్ముతారు.

పత్తికీ ఇలాంటి లెక్కే. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర 8,110. పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ 8 శాతం తేమకు పూర్తి ధర ఇస్తుంది, 12 శాతం దాటితే తీసుకోదు. మధ్యలో ఒక్కో శాతానికి ఒక శాతం ధర తగ్గుతుంది, అంటే క్వింటాలుకు సుమారు 81 రూపాయలు. 12 శాతం ఉంటే 324 పోతాయి. నవంబర్‌లో మంచు తడి ఆరకముందే తీసిన పత్తిలో తేమ ఎక్కువ ఉంటుంది. దాన్ని ఆరబెట్టే జాగా లేక రైతు దారిలోనే వ్యాపారికి అమ్మేస్తాడు. ఊరికొక ఆరబోత కల్లం, జిన్నింగ్ మిల్లు గేటు బయట ముందుగా తేమ చూసుకునే మిషన్ అనే హామీకి ఖర్చు తక్కువ, ఫలితం ఆ వారంలోనే కనిపిస్తుంది.

కౌలు రైతుల విషయంలో గాలి మాటలు వద్దు. 2011 నాటి సాగుదారుల గుర్తింపు చట్టం ఉన్నా, రైతుబంధు మాత్రం పాసుపుస్తకం ఉన్నవారికే వెళ్లింది. 'కౌలు రైతులను ఆదుకుంటాం' అన్న అభ్యర్థిని ఊళ్లో ఇద్దరూ అనుమానంగానే చూస్తారు. భూమి పోతుందని పట్టాదారు భయం, గుర్తింపు అడిగితే వచ్చే ఏడు కౌలుకు ఇవ్వరని కౌలుదారు భయం. ఈ రెండు భయాలకూ జవాబు ఒకే వాక్యంలో ఉండాలి: గుర్తింపు ఒక్క పంట కాలానికే, భూమి హక్కుతో సంబంధం లేదు, వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) చేసే పంట నమోదులో సాగు చేసినవారి పేరు ఉంటే వడ్ల డబ్బు వారి ఖాతాకే. ఇంతకు తక్కువ రాస్తే అసలు రాయకపోవడమే నయం.

నామినేషన్: నగరంలో ఓటున్న అభ్యర్థి చూసుకోవాల్సినవి

ఊళ్లో భూమి, జూబ్లీహిల్స్‌లోనో ఎల్బీనగర్‌లోనో ఓటు. చాలామంది అభ్యర్థుల పరిస్థితి ఇదే. రాష్ట్రంలో ఏ అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటరైనా ఇంకెక్కడైనా పోటీ చేయొచ్చు, వయసు 25 నిండాలి. అయితే తన పేరున్న ఓటరు జాబితా భాగానికి ధ్రువీకరించిన నకలు జతచేయాలి. ప్రతిపాదించేవారు మాత్రం పోటీ చేసే నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒకరు చాలు, స్వతంత్రులకు పది మంది. వేలిముద్ర వేసే పెద్దమనిషిని ప్రతిపాదకుడిగా పెట్టుకుంటే ఆ వేలిముద్ర రిటర్నింగ్ అధికారి ముందే పడాలి. ఇంట్లో వేయించుకొచ్చిన కాగితం చెల్లదు.

నామినేషన్ పత్రం, అంటే ఫారం 2బి, నాలుగు సెట్ల దాకా వేయొచ్చు. వేయండి, వేర్వేరు ప్రతిపాదకులతో. డిపాజిట్ 10,000, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకు 5,000. సమయం పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 3 వరకే. నామినేషన్ వేశాక, పరిశీలన రోజుకు ముందే ప్రమాణం చేయాలి. ఈ ఒక్కటి మరిచిపోయి తిరస్కరణకు గురైనవారున్నారు.

ఆస్తులు, అప్పులు చూపే ఫారం 26 అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీ వదలకండి. లేకపోతే 'లేదు' అని, వర్తించకపోతే 'వర్తించదు' అని రాయాలి. వ్యవసాయ భూమికి సర్వే నంబరు, విస్తీర్ణం, వారసత్వమా కొన్నదా, కొన్న తేదీ, ధర, ఇప్పటి విలువ అన్నీ అడుగుతారు. సొసైటీలో తీసుకున్న పంట రుణమూ అప్పుల కింద చూపాలి. ఎదుటి పక్షం ఈ కాగితాన్ని భూమి రికార్డులతో పోల్చి చూస్తుంది. ఎన్ని ఎకరాలకు పెట్టుబడి సాయం తీసుకున్నారన్నది రైతు ఎజెండా అభ్యర్థికి తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న, జవాబు ముందే సిద్ధం చేసుకోండి.

మిల్లు, విత్తన కంపెనీ, గోదాముల నిర్మాణం వంటి వ్యాపారం ఉండి ప్రభుత్వంతో ఒప్పందం నడుస్తుంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ సెక్షన్ కింద అనర్హత ప్రశ్న వస్తుంది. అది ఏ రకం ఒప్పందమో లాయరుకు చూపించి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి, నోటిఫికేషన్ వచ్చాక కాదు, దానికి చాలా ముందు. ప్రభుత్వ క్వార్టర్‌లో పదేళ్లలో ఎప్పుడైనా ఉంటే అద్దె, కరెంటు, నీటి బిల్లుల బకాయి లేదన్న ధ్రువపత్రం కూడా కావాలి.

40 లక్షల లెక్క

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. 250 బూత్‌లున్న నియోజకవర్గంలో బూత్‌కు 16,000 పడుతుంది. బ్యాంకు ఖాతా నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు తెరవాలి. అభ్యర్థి పేరు మీదో, ఎన్నికల ఏజెంటుతో కలిపో ఉండొచ్చు, కుటుంబ సభ్యులతో ఉమ్మడి ఖాతా పనికిరాదు. ఒక వ్యక్తికి గానీ సంస్థకు గానీ మొత్తం ఎన్నికల కాలంలో నగదు 10,000 దాటి ఇవ్వకూడదు. ట్రాక్టరు కిరాయిలు, టెంట్లు, భోజనాల వాళ్లు ఊళ్లో నగదే అడుగుతారు. ముందే ఖాతా నంబర్లు తీసుకుని పెట్టుకోకపోతే ఇక్కడే పద్దు చెడుతుంది.

రిజిస్టరులో తెల్ల పేజీలు రోజువారీ ఖర్చుకు, గులాబీ పేజీలు నగదుకు, పసుపు పేజీలు బ్యాంకుకు. ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు ఎన్నికల సంఘం ఖర్చుల పరిశీలకుడి ముందు పెట్టాలి. అధికారుల దగ్గర మీ ఖర్చుకు సమాంతరంగా మరో రిజిస్టరు నడుస్తుంటుంది. వీడియో టీములు కుర్చీలు, వాహనాలు, ఫ్లెక్సీలు లెక్కపెట్టుకుపోతాయి, జిల్లా ఎన్నికల అధికారి ఖరారు చేసిన రేట్ల చార్టు ప్రకారం విలువ కడతారు. మీ ఊరి మనిషి టెంటు ఉచితంగా ఇచ్చినా చార్టు ధర మీ ఖాతాలో పడుతుంది. తేడా వస్తే నోటీసు వస్తుంది, జవాబుకు 48 గంటలే. అందుకే ప్రతి రాత్రి పదిన్నరకు ఆ రోజు బిల్లులు ఫొటో తీసి హైదరాబాద్‌లో అకౌంటెంటుకు పంపే మనిషి ఒకరు ఉండాలి, అతనికి ఇంకే పనీ చెప్పకూడదు.

పార్టీ స్టార్ ప్రచారకుడి ప్రయాణ ఖర్చు మీకు రాదు. కానీ అదే వేదిక మీద అభ్యర్థి కూర్చున్నా, ఫ్లెక్సీ మీద అభ్యర్థి ఫొటో ఉన్నా సభ ఖర్చులో వాటా వస్తుంది. రాష్ట్ర నాయకుడితో భారీ సభ పెట్టి బడ్జెట్ సగం పోగొట్టుకోవడం కన్నా ఆ డబ్బుతో 40 కల్లాలు తిరగడం మేలు.

ఊళ్లో ఒక రోజు

ఉపసంహరణ గడువు నుంచి ప్రచారం ఆగే దాకా 2023లో దొరికింది 13 రోజులు. 250 బూత్‌లను ఆ రోజుల మీద పంచితే రోజుకు ఇరవై దాకా. అన్నీ అభ్యర్థి తిరగడం కుదరదు, తిరగాల్సిన అవసరమూ లేదు.

పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా పాల కేంద్రం, టీ హోటల్. అక్కడ పాడి రైతులు ఎలాగూ వస్తారు. ఆ తర్వాత పత్తి చేలకు వెళ్లే ఆటోలు కదిలేలోపు కూలి గుంపు మేస్త్రీలతో పది నిమిషాలు. పత్తి తీసే ఆడవాళ్లకు పెట్టుబడి సాయం మాట పట్టదు, వాళ్లకు కావాల్సింది కిలోకు కూలి, తాగునీళ్లు, ఆటోలో భద్రత. భూమిలేని కూలీలకు ఏడాదికి 12,000 ఇచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా 2025లో వచ్చింది, అందులో ఎవరికి అందింది ఎవరికి రాలేదు అన్నది ఊరి వారీగా తెలుసుకుని వెళ్లండి. మధ్యాహ్నం ఎండలో సభలు వద్దు. కారులోనే ఫోన్లు. మూడు నుంచి ఆరు దాకా కల్లాలు. ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా వాడలు, తండాలు. రాత్రి పది దాటాక మైకు మోగకూడదు, తొమ్మిదిన్నరకే ఆపడం అలవాటు చేసుకోండి.

కల్లం దగ్గర చేయాల్సింది ప్రసంగం కాదు. వరుసలో ఎన్ని రోజులుగా ఉన్నారు, సంచులు వచ్చాయా, లారీ వచ్చిందా, తేమ ఎంత చూపించింది, పోయిన సీజన్ డబ్బు ఎన్ని రోజులకు పడింది అనే ఐదు ప్రశ్నలు అడిగి చిన్న పుస్తకంలో రాసుకోవాలి. పక్కనున్న కార్యకర్త వీడియో తీసే ముందు రైతును అడగాలి. అభ్యర్థి తేమ మిషన్‌లో గింజలు పోసి ఫొటోకు నవ్వితే ఆ వరుసలో ఉన్నవారికి ఒళ్లు మండుతుంది.

ఒక హెచ్చరిక. రైతు వేదిక, మార్కెట్ యార్డు షెడ్డు ప్రభుత్వ ఆస్తులు. ఎన్నికల కోడ్ వచ్చాక అక్కడ ప్రచార సభ పెడితే ఫిర్యాదు ఖాయం. రైతులను కలవండి, జెండాలూ మైకూ గేటు బయటే ఉంచండి. ప్రభుత్వ గోడలకు పోస్టర్లు వద్దు, ప్రైవేటు గోడకు యజమాని రాతపూర్వక అనుమతి ఉండాలి.

పథకాల డబ్బు తేదీల గురించి అసలే మాట్లాడకండి. 2023లో రైతుబంధు పంపిణీకి ఎన్నికల సంఘం షరతులతో అనుమతి ఇచ్చింది. మంత్రి ఒకరు బహిరంగ సభలో ఆ డబ్బు ఎప్పుడు పడుతుందో ప్రస్తావించడంతో నవంబర్ 27న, పోలింగ్‌కు మూడు రోజుల ముందు, ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. లక్షల ఖాతాలకు వెళ్లాల్సిన సాయం ఒక్క ప్రసంగం వల్ల ఆగింది. అధికార పక్షం అభ్యర్థులకు ఈ విషయం రాసి చేతికివ్వండి.

హైదరాబాద్‌లో ఉన్న ఊరి ఓటర్లు

ఎల్బీనగర్ వైపు నల్లగొండ, ఖమ్మం వాళ్లు. ఉప్పల్ చుట్టూ వరంగల్ వాళ్లు. జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) మీదుగా వెళ్లేది కరీంనగర్, సిద్దిపేట వాళ్లు. ఆరాంఘర్ దగ్గర పాలమూరు బస్సులు. దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట హాస్టళ్లలో రైతుల పిల్లలు. వీళ్లలో ఊళ్లో ఓటున్నవారి జాబితా ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపుల ద్వారా రెండు నెలల ముందే తయారు చేయాలి. వీళ్లు వేసే ఓటు కన్నా ఇంటికి చేసే ఫోన్ విలువ ఎక్కువ. అమ్మానాన్నలకు లెక్క విడమరిచి చెప్పేది వీళ్లే, కాబట్టి తరుగు లెక్క లాంటిది ఒక పేజీలో, ఫోన్‌లో చదివేంత పెద్ద అక్షరాల్లో వీళ్లకు పంపండి.

పోలింగ్ రోజుకు బస్సులు పెట్టి తీసుకెళ్దామన్న ఆలోచన ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. ఓటర్లను అభ్యర్థి తరఫున వాహనాల్లో ఉచితంగా పోలింగ్ కేంద్రానికి చేర్చడం అవినీతి చర్య. గెలిచినా ఎన్నిక రద్దయ్యే ప్రమాదం ఉంది. సెలవు ఎప్పుడు, ఏ బస్సు ఎక్కడ దొరుకుతుంది అని సమాచారం ఇవ్వండి, అంతవరకే.

ఫ్లెక్సీలు, కరపత్రాలు, వీడియోలు

డిజైనరు ఇంటర్నెట్‌లో దొరికిన గోధుమ చేను, పంజాబీ తలపాగా రైతు ఫొటో పెడతాడు. మన దగ్గర గోధుమ వేసేవాళ్లు ఎంతమంది? ఆ ఒక్క బొమ్మతో ఇది పట్నం వాళ్ల ప్రచారమని తెలిసిపోతుంది. ఆ మండలంలోనే, ఆ నెలలోనే తీసిన ఫొటో వాడండి. కరపత్రంలో 'ధాన్యం' కన్నా 'వడ్లు', 'మొక్కజొన్న' కన్నా 'మక్కలు', 'ఖరీఫ్' కన్నా 'వానకాలం' మేలు.

ప్రతి కరపత్రం మీదా ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ కింద ఇది లేకపోతే ఆరు నెలల జైలు దాకా శిక్ష ఉంది. చిక్కడపల్లిలో అచ్చు వేయించినా నియోజకవర్గంలో వేయించినా ఇదే నియమం. టీవీ, కేబుల్, రేడియో, సోషల్ మీడియా ప్రకటనలు, బల్క్ ఎస్సెమ్మెస్‌లు, రికార్డు చేసిన వాయిస్ కాల్స్ అన్నిటికీ ఎన్నికల అధికారుల మీడియా కమిటీ ముందస్తు అనుమతి కావాలి. అభ్యర్థి ప్రసారానికి మూడు రోజుల ముందు దరఖాస్తు ఇవ్వాలి. పోలింగ్ రోజు, ముందు రోజు పత్రికల్లో వచ్చే ప్రకటనకూ అనుమతి తప్పనిసరి.

చివరి 48 గంటలు, ఆ తర్వాత

పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు ప్రచారం ఆగాలి. అక్కడ ఓటు లేని కార్యకర్తలు నియోజకవర్గం వదిలి వెళ్లాలి. అంటే హైదరాబాద్ టీము మొత్తం. అందుకే ఆ రెండు రోజులూ అన్ని పనులూ స్థానికుల చేతిలో ఉండేలా వారం ముందే అప్పగింత పూర్తి కావాలి: బూత్‌ల వారీ ఓటరు స్లిప్పులు, పోలింగ్ ఏజెంట్ల నియామక పత్రాలు (ఫారం 10), భోజనాల ఏర్పాటు, లాయరు నంబరు.

పోలింగ్ ఏజెంటుగా కల్లంలో వడ్లున్న రైతును పెట్టకండి. సాయంత్రం మబ్బు పడితే అతని మనసు పరదాల మీదే ఉంటుంది. ఏజెంటు పోలింగ్‌కు గంటన్నర ముందు జరిగే నమూనా ఓటింగ్‌కు (మాక్ పోల్) హాజరై, కనీసం 50 ఓట్లు వేసి చూపించాక అవి తుడిచేశారో లేదో చూసుకోవాలి. సాయంత్రం పోలైన ఓట్ల లెక్క రాసిన ఫారం 17సి నకలు తీసుకోకుండా బూత్ వదలకూడదు. కౌంటింగ్ రోజు మిషన్‌లో వచ్చే మొత్తాన్ని సరిపోల్చడానికి మీ చేతిలో ఉండే కాగితం అదొక్కటే.

ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడినవారూ ఇవ్వాల్సిందే. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులు. మూడు రంగుల పేజీలు, బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు, అఫిడవిట్ కలిపి ఇచ్చి రసీదు తీసుకోండి. కల్లాల దగ్గర రాసుకున్న పుస్తకాలను కూడా మండలాల వారీగా కట్టి భద్రపరచండి. గెలిస్తే అసెంబ్లీలో వేసే మొదటి ప్రశ్నలు వాటిలోంచే వస్తాయి. ఓడితే, అదే డిసెంబర్‌లో ఇంకా కాంటా కాని వడ్ల గురించి కలెక్టరుకు ఇవ్వాల్సిన వినతిపత్రానికి ఊర్లు, తేదీలు, సంచుల లెక్క వాటిలోనే ఉన్నాయి.